అమెరికాలో సముద్ర నిమజ్జనం: ఏ పద్ధతి ఎంచుకోవాలి, ఎలా జరిపించాలి

దహనానికి ముందు ఫ్యూనరల్ హోమ్‌లో సంతకాలు పెట్టించుకునే కాగితాల్లో ఒక ప్రశ్న ఉంటుంది: భస్మాన్ని చివరికి ఏం చేస్తారు? ఇంట్లో ఉంచుకుంటారా, శ్మశానంలో పెడతారా, సముద్రంలో కలుపుతారా? ఆ దుఃఖంలో చాలామంది ఏదో ఒక గడిలో గీత పెట్టేసి వచ్చేస్తారు. తరవాత పడవ మాట్లాడుకునే రోజున ఆ గీతే అడ్డం పడుతుంది. కాలిఫోర్నియాలో అయితే వీఎస్-9 అనే అనుమతి పత్రంలో రాసింది ఒకటి, మీరు చేయబోయేది ఇంకొకటి అయితే ఆ పత్రాన్ని మార్పించుకోవాలి.

అందుకని సముద్రం అనుకున్నవాళ్ళు దహనానికి ముందే మూడు సంగతులు తేల్చుకోవాలి. నీటికి ఇచ్చేది భస్మమా, దేహమా? ఇచ్చేటప్పుడు ఇంటివాళ్ళు పడవలో ఉండాలా? ఇచ్చింది నీటిలో పూర్తిగా కలిసిపోవాలా, ఒకచోట నిలిచి ఉండాలా? వీటికి జవాబు దొరికితే పద్ధతి సగం తేలినట్టే.

ముందుగా చట్టం

అమెరికాలో సముద్ర నిమజ్జనం 1972 నాటి సముద్ర సంరక్షణ చట్టం కిందికి వస్తుంది. దీన్ని చూసేది పర్యావరణ సంస్థ ఈపీఏ. ఒక్కొక్కరూ ముందుగా దరఖాస్తు పెట్టుకోనక్కర్లేదు. అందరికీ వర్తించే సాధారణ అనుమతి ఒకటి ఉంది. దాని షరతులు పాటించి, నిమజ్జనం జరిగిన 30 రోజుల్లోగా ఈపీఏకు తెలియజేస్తే సరిపోతుంది. ఇందుకు రుసుమేమీ లేదు.

షరతుల్లో ముఖ్యమైనది దూరం. తీరం నుంచి కనీసం 3 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు ఐదున్నర కిలోమీటర్లు లోపలికి వెళ్ళాలి. భస్మానికి లోతు షరతు లేదు. దేహానికి మాత్రం కనీసం 600 అడుగుల లోతు ఉండాలి. ఫ్లోరిడాలో సెయింట్ అగస్టీన్ నుంచి కేప్ కెనావెరల్ దాకా, డ్రై టోర్టుగాస్ దగ్గర, పెన్సకోలాకు పడమర నుంచి మిసిసిపి నది డెల్టా దాకా ఉన్న ప్రాంతాల్లో 1800 అడుగుల లోతు కావాలి.

ఇక్కడ మనవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటుంది. ఊళ్ళో అలవాటు ప్రకారం బీచ్‌కి వెళ్ళి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి కలిపేస్తారు. ఈ అనుమతి దానికి వర్తించదు. కాలిఫోర్నియా చట్టంలో 500 గజాలు అన్న మాట కనిపిస్తుంది. అది చూసి చిన్న పడవలో కాస్త దూరం వెళితే చాలనుకుంటారు. సముద్రంలో ఫెడరల్ వాళ్ళ 3 నాటికల్ మైళ్ళ నియమం కూడా పాటించాల్సిందే. నదులు, చెరువులు, సరస్సుల సంగతి రాష్ట్రాల చేతిలో ఉంది. కాలిఫోర్నియా సరస్సుల్లోనూ వాగుల్లోనూ కలపనివ్వదు. మీ రాష్ట్రం మాటేమిటో కౌంటీ ఆరోగ్య శాఖను గానీ ఫ్యూనరల్ హోమ్‌ను గానీ అడగండి.

భస్మంతో పాటు నీటిలో వేసే పూలు, దండల వంటివన్నీ సముద్రంలో త్వరగా కుళ్ళి కలిసిపోయేవై ఉండాలన్నది రెండో ముఖ్యమైన షరతు. ప్లాస్టిక్ పూలు, జరీ దారంతో కట్టిన దండలు, నైలాన్ చీర ముక్కలు, థర్మోకోల్ పళ్ళెం మీద కర్పూరం, చిల్లర నాణేలు, ఇవేవీ వేయకూడదు. పెంపుడు జంతువుల భస్మం ఈ అనుమతి కిందికి రాదు, మనిషి భస్మంతో కలిపి కూడా వేయకూడదు. పడవకు నిప్పంటించి పంపే తరహా అంత్యక్రియలకు కూడా ఇందులో చోటు లేదు.

చేతికి వచ్చేది ఏమిటి

ఊళ్ళో సంచయనం నాడు చితి మీద నీళ్ళూ పాలూ చల్లి, పాదాల వైపు నుంచి ఎముకలు ఏరి కుండలో వేస్తాం. అమెరికన్ క్రిమటోరియంలో అలా ఉండదు. సుమారు 760 నుంచి 980 డిగ్రీల సెల్సియస్ వేడిలో రెండు మూడు గంటలు దహనం జరిగాక, మిగిలిన ఎముకలను యంత్రంలో వేసి పొడి చేస్తారు. మనకు అందేది బూడిద రంగు ఇసుకలా ఉండే పొడి. పెద్దవాళ్ళదైతే రెండు మూడు కిలోలు తూగుతుంది. చేతికి తీసుకోగానే ఇంత బరువా అనిపిస్తుంది. పొడి చేయకుండా కొన్ని ఎముకలు కావాలనుకుంటే దహనానికి ముందే అడగాలి. కొన్నిచోట్ల ఇస్తారు, కొన్నిచోట్ల ఇవ్వరు. పొడి చేశాక ఇక దారి లేదు.

ఆ పొడి గట్టి ప్లాస్టిక్ సంచిలో ఉంటుంది. సంచి మూతిని జిప్ టైతో బిగించి, దానికి అంకె చెక్కిన చిన్న లోహపు బిళ్ళ తగిలిస్తారు. దహనానికి ముందు నుంచీ దేహంతో పాటే ఉన్న బిళ్ళ అది. దహన ధ్రువపత్రంలో ఉన్న అంకె, బిళ్ళ మీది అంకె ఒకటేనా అని కౌంటర్ దగ్గరే చూసుకోండి. సంచి బయట సాధారణంగా నల్లటి ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. దాని మూత బిగుతుగా ఉంటుంది. ఊగుతున్న పడవలో ఆ మూత తీయడం, వేళ్ళతో జిప్ టై తెంపడం కుదిరే పని కాదు. ముందు రోజు ఇంట్లోనే మూత ఒకసారి తీసి చూసుకుని, చిన్న కత్తెర వెంట పెట్టుకోండి.

కొంత ఇక్కడి సముద్రానికి, కొంత గోదావరికో కాశీకో అనుకుంటే, విడిగా రెండు సంచుల్లో కట్టి ఇమ్మని క్రిమటోరియంను ముందే అడగండి. ఒక్కో సంచికీ ధ్రువపత్రం నకలు తీసుకోండి. ఇంట్లో చెంచాతో పంచుకునే పరిస్థితి తెచ్చుకోవద్దు. ఆ పని చేతులతో చేయడం చాలామందికి తట్టుకోలేనంత కష్టం.

భస్మం అయితే నాలుగు దారులు

ఒకటి, ఇంటివాళ్ళంతా పడవెక్కి, కర్త తన చేతులతో నేరుగా నీటిలో కలపడం. మన సంప్రదాయానికి ఇదే దగ్గరగా ఉంటుంది. మా సలహా కూడా, వీలైతే, ఇదే.

రెండోది కరిగిపోయే పాత్రలో పెట్టి వదలడం. గాలి ఎక్కువగా ఉండే తీరాల్లో, పిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న పడవలో ఇది నిశ్చింత. పాత్రల్లో రెండు రకాలు ఎక్కువ వాడుకలో ఉన్నాయి. కాగితపు గుజ్జుతో చేసినవి కొన్ని నిమిషాలు నీటి మీద తేలి, మెల్లగా నాని మునుగుతాయి. తేలే ఆ కొద్దిసేపు అందరూ చూస్తూ పూలు వేయవచ్చు. ఉప్పును గట్టిగా అదిమి చేసినవి వెంటనే మునిగి, అడుగున కొన్ని గంటల్లో కరిగిపోతాయి. ఉప్పు పాత్ర చెమ్మకు చెమరుస్తుంది, కింద పడితే పగులుతుంది. పడవెక్కే దాకా దాని పెట్టెలోనే ఉంచాలి, తడి చేతులతో పట్టుకోకూడదు. కొలత విషయానికి వస్తే, మనిషి బరువు ఎన్ని పౌండ్లో సుమారుగా అన్ని ఘనపు అంగుళాల పాత్ర కావాలి. 180 పౌండ్ల మనిషికి 180 ఘనపు అంగుళాలు. చిన్నది కొంటే కొంత భస్మం మిగిలి, దాన్నేం చేయాలో తెలియక అప్పటికప్పుడు తికమక పడతారు.

ఈ పద్ధతిలో జరిగే అతి పెద్ద తప్పు ప్లాస్టిక్ సంచితో సహా పాత్రలో పెట్టేయడం. పాత్ర కరిగిపోతుంది, సంచి మిగిలిపోతుంది. అది పైకి తేలి, పడవ వెనక అలల మీద కనిపిస్తే ఇంటివాళ్ళ మనసు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. భస్మాన్ని నేరుగా పాత్రలో పోయాలి, లేదా నీటిలో కరిగే సంచిలో వేసి ఆ సంచిని పాత్రలో పెట్టాలి.

మరి మన కుండ? కాల్చిన మట్టి కుండ సముద్రంలో కరగదు, రాగి చెంబు అసలే కరగదు. కుండలోనే తీసుకెళ్ళి, భస్మాన్ని నీటిలో వదిలి, కుండను వెనక్కి తెచ్చుకోవచ్చు. దానికి కట్టే గుడ్డ నీటిలో వేసేదైతే నూలుదై ఉండాలి.

మూడోది, ఇంటివాళ్ళు లేకుండా కంపెనీవాళ్ళే తీసుకెళ్ళి కలిపిరావడం. ఖర్చు తక్కువ. ఒకే ప్రయాణంలో కొన్ని కుటుంబాల భస్మాన్ని ఒకదాని తరవాత ఒకటి కలుపుతారు. తీరానికి దూరంగా, డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉండి, ప్రయాణం చేయలేని వాళ్ళకు ఇది పనికొస్తుంది. భస్మాన్ని పంపడానికి యూఎస్ పోస్టల్ సర్వీస్ ఒక్కటే దారి. ప్రయారిటీ మెయిల్ ఎక్స్‌ప్రెస్‌లోనే పంపాలి. 2025 మార్చి 1 నుంచి వాళ్ళు ఇచ్చే బాక్స్-సీఆర్‌ఈ అనే ప్రత్యేక పెట్టెలోనే పెట్టాలి. లోపలి డబ్బా మూత ఊడినా పొడి కారకుండా దాన్ని ఇంకో సంచిలో పెట్టి సీలు వేయండి. డబ్బా మీద పేరు, పంపేవాళ్ళ చిరునామా, అందుకునేవాళ్ళ చిరునామా రాయండి. కంపెనీతో మాట్లాడేటప్పుడు ఈ ప్రశ్నలు అడగండి: ఏ రోజు కలుపుతారు? అక్షాంశ రేఖాంశాలతో పత్రం ఇస్తారా? ఈపీఏకు సమాచారం మీరు పంపుతారా, మేం పంపాలా? సూటిగా జవాబు చెప్పని చోట ఇవ్వకండి.

నాలుగోది కృత్రిమ పగడపు దిబ్బ. భస్మాన్ని కాంక్రీటులో కలిపి, చిల్లులున్న గుండ్రటి దిమ్మెగా పోసి, అనుమతి ఉన్న చోట సముద్రం అడుగున దించుతారు. చేపలకూ పగడాలకూ అది నివాసమవుతుంది. ఫ్లోరిడాలో కీ బిస్కేన్‌కు తూర్పున 3 మైళ్ళ పైచిలుకు దూరంలో, 40 అడుగుల లోతున 2007లో మొదలైన నెప్ట్యూన్ మెమోరియల్ రీఫ్ ఈ రకమైనదే. నీటిలోకి దిగగలిగిన వాళ్ళు వెళ్ళి చూసి రావచ్చు కూడా. అయితే అస్థికలు నీటిలో కలిసిపోవాలి, బంధం తెగాలి అని నమ్మే ఇంట్లో ఇది కుదరదు. కాంక్రీటులో అస్థికలు కలవవు, నిలిచిపోతాయి. ఒక గుర్తు ఉండాలి, ఏటా ఆ చోటికి వెళ్ళాలి అనుకునేవాళ్ళకు మాత్రం ఇంతకంటే మంచిది లేదు. ఇంట్లో ఈ రెండు అభిప్రాయాలూ ఉంటే భస్మాన్ని రెండుగా చేయించడం ఒక మార్గం.

పడవ మాట్లాడుకోవడం

డబ్బు తీసుకుని జనాన్ని ఎక్కించుకునే చిన్న పడవల్లో చాలావాటికి ఆరుగురు ప్రయాణికుల దాకానే అనుమతి. అంతకు మించి ఎక్కాలంటే కోస్ట్ గార్డ్ తనిఖీ చేసి ధ్రువపత్రం ఇచ్చిన పడవ కావాలి. మన ఇళ్ళల్లో కూతురు, కొడుకు, కోడలు, అల్లుడు, మేనమామలు, స్నేహితులు అంటూ పది పన్నెండు మంది ఇట్టే అవుతారు. సంఖ్య ముందే చెప్పండి. రేవుకు వచ్చాక నలుగురిని ఒడ్డునే వదిలి వెళ్ళాల్సి రావడం కన్నా బాధ ఇంకోటి ఉండదు.

హార్బర్ ముఖద్వారం నుంచి మాత్రమే లెక్కేసుకుంటే 10 నాట్ల (గంటకు 10 నాటికల్ మైళ్ళ) వేగంతో 3 నాటికల్ మైళ్ళు సుమారు 20 నిమిషాలు. కానీ హార్బర్ లోపల పడవలు మెల్లగా పోవాలి. పైగా చాలా రేవులు బయటి సముద్రానికి దూరంగా, బాగా లోపలికి ఉంటాయి. శాన్‌ఫ్రాన్సిస్కో బే లోపలి రేవుల నుంచి బయల్దేరితే గోల్డెన్ గేట్ దాటి బయటి సముద్రంలోకి వెళ్ళాలి. అక్కడి అలలు బే లోపలి నీళ్ళలా ఉండవు. రానూపోనూ రెండు మూడు గంటలు అనుకోండి.

దశాహం రోజునే నిమజ్జనం అని పట్టుబట్టకండి. భస్మం చేతికి రావడానికే ఒక వారం పైన పట్టవచ్చు, సముద్రం మన తిథులు చూడదు. న్యూజెర్సీ వైపు చలికాలంలో సముద్రం ఉధృతంగా ఉంటుంది. గల్ఫ్ తీరంలోనూ ఫ్లోరిడాలోనూ జూన్ నుంచి నవంబర్ దాకా తుఫానుల కాలం. కాలిఫోర్నియాలో మధ్యాహ్నం అయ్యేసరికి గాలి లేస్తుంది, అందుకే ఉదయం పూట ఎంచుకోవాలి. ఒక తేదీ, వాతావరణం బాగాలేకపోతే ఇంకో తేదీ అని ముందే మాట్లాడుకోండి. వాయిదా పడితే డబ్బు పోతుందా లేదా కాగితం మీద చూసుకోండి. రెండు రోజుల ముందు నుంచీ జాతీయ వాతావరణ శాఖ వారి సముద్ర సూచన చూడండి. చిన్న పడవలకు హెచ్చరిక ఉన్న రోజున, కెప్టెన్ వెళ్దామన్నా మీరు వద్దనండి. పెద్దవాళ్ళు ఉన్న పడవకు మూడు నాలుగు అడుగుల అల దాటితే ఇబ్బందే. కడుపులో తిప్పే అలవాటు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడిగి మాత్ర బయల్దేరడానికి ఒక గంట ముందే వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అంతగా పని చేయదు. ఆ రోజు ఉపవాసం ఉండే కర్త విషయంలో మరీ జాగ్రత్త. ఖాళీ కడుపుకు ఊగిసలాట ఎక్కువ తెలుస్తుంది. కాస్త అల్లం, కొబ్బరినీళ్ళు పురోహితుల్ని అడిగి తీసుకోవచ్చు.

మంత్రం చెప్పే పురోహితులు ఫోన్‌లో ఉంటే, మూడు మైళ్ళ అవతల సిగ్నల్ ఉంటుందని నమ్మకండి. సంకల్పం రేవులోనే చెప్పించుకుని, నిమజ్జన మంత్రాలు ముందే రికార్డు చేసి పెట్టుకోండి. పిండప్రదానం ఇంట్లోనో గుడిలోనో ముగించి, పడవలోకి పూలు, కాసిని నువ్వులు మాత్రం తెచ్చుకుంటే తేలికగా ఉంటుంది.

నీటిలో వదిలేటప్పుడు

1. కెప్టెన్ దూరం చూసుకుని ఇంజన్ తగ్గించి పడవను నిలుపుతారు. ఆ క్షణంలో అక్షాంశం, రేఖాంశం, లోతు, సమయం రాసిపెట్టమనండి, మీ ఫోన్‌లోనూ గుర్తించుకోండి.

2. గాలి ఎటు నుంచి వస్తోందో చూడండి. ఒక పూరేకు గాల్లోకి వదిలితే తెలిసిపోతుంది. గాలి మీ వీపుకు తగిలి నీటి మీదికి పోయే వైపు రైలింగ్ దగ్గర నిలబడాలి. ఎదురుగాలి వైపు వదిలితే భస్మం ముఖాల మీదికీ బట్టల మీదికీ వస్తుంది. ఫొటోలు తీసేవాళ్ళు కర్త వెనక, గాలి వచ్చే వైపునే నిలబడాలి.

3. ఎంత కిందికి వంగి వదిలితే అంత మంచిది. రైలింగ్ మీద నుంచి నాలుగడుగుల ఎత్తున వదిలితే సన్నటి పొడంతా గాలికి పోతుంది. కొన్ని పడవల్లో వెనక వైపు నీటికి దగ్గరగా మెట్టు ఉంటుంది, బుక్ చేసేటప్పుడే అడగండి. లేకపోతే వెదురు బుట్టలో గానీ నీటిలో కరిగే సంచిలో గానీ పెట్టి, నూలు తాడుతో దించి, నీటికి తగిలాక వంచండి. వంగే మనిషిని వెనక నుంచి ఒకరు గట్టిగా పట్టుకోవాలి.

4. లోహపు బిళ్ళ తీసి జేబులో వేసుకోండి. సంచి మూల కత్తిరించి సన్నటి ధారగా పోయండి. ఒక్కసారిగా కుమ్మరిస్తే ముద్దలుగా పడుతుంది. బరువైన ఇసుకలాంటి భాగం వెంటనే కిందికి దిగిపోతుంది. సన్నటి భాగం నీటి పైపొరలో పాలలా తెల్లగా విచ్చుకుని, ఒకటి రెండు నిమిషాలు కనిపించి కరిగిపోతుంది. అప్పుడు ఎవరూ తొందర పెట్టకండి.

5. సంచి లోపల అంటుకున్నది వదిలేయకుండా, కొంచెం సముద్రపు నీరు పట్టి గిలకరించి అదే చోట పోయండి. ఖాళీ సంచి వెనక్కి తెచ్చుకోండి.

6. ఆ తరవాత పూలు. దారం తీసేసిన విడిపూలు, రేకులు మాత్రమే. నీటి మీద పూలు ఉన్నంతసేపు ఆ చోటు కనిపిస్తూ ఉంటుంది. కెప్టెన్‌ను అడిగితే దాని చుట్టూ కుడివైపుగా ఒక ప్రదక్షిణ తిప్పుతారు. చాలామంది కెప్టెన్లకు ఈ మర్యాద అలవాటే.

దేహాన్నే సముద్రానికి ఇవ్వాలంటే

ఇది మనవాళ్ళలో అరుదు. జీవితమంతా ఓడల్లో పనిచేసినవాళ్ళు, దహనం వద్దనుకునే క్రైస్తవ కుటుంబాలు, జలసమాధి కోరుకున్న సన్యాసుల శిష్యులు అడుగుతుంటారు. భస్మ నిమజ్జనానికీ దీనికీ ఖర్చులోనూ శ్రమలోనూ పోలికే లేదు. ముందుగా లోతు ఎక్కడ దొరుకుతుందో చూడండి. శాండియేగో దగ్గరా మయామి దగ్గరా తీరం నుంచి కొద్ది మైళ్ళలోనే 600 అడుగుల లోతు వస్తుంది. న్యూజెర్సీ తీరంలో అంత లోతు కావాలంటే డెబ్భై, ఎనభై మైళ్ళు దాటాలి. టెక్సస్‌లో గాల్వెస్టన్ నుంచి అయితే నూరు మైళ్ళ దరిదాపు. అక్కడ సముద్రగర్భం అంత మెల్లగా వాలుతుంది. అందువల్ల టెక్సస్ కుటుంబాలకు దేహాన్ని విమానంలో కాలిఫోర్నియాకో ఫ్లోరిడాకో పంపించడమే తేలిక కావచ్చు.

రెండు తీర్లున్నాయి: వస్త్రంలో చుట్టి పంపడం, పెట్టెలో పంపడం. మా మాట అడిగితే వస్త్రమే మేలు. నూలు వస్త్రంలోనో తెరచాప గుడ్డలోనో చుట్టి, త్వరగా మునిగేలా ఉక్కు గొలుసు వంటి బరువు కట్టాలి. గుడ్డలో గాలి నిలవదు కాబట్టి తేలే భయం తక్కువ.

పెట్టె అయితే శత్రువు లోపలి గాలే. గాలి బయటికి పోకపోతే పెట్టె మునగదు, మునిగినా లోతులో నీటి ఒత్తిడికి పగిలిపోతుంది. అందుకే రెండు అంగుళాల రంధ్రాలు కనీసం 20 వేయాలి: పైన ఎనిమిది, అడుగున ఎనిమిది, తల వైపు రెండు, కాళ్ళ వైపు రెండు. లోపలి ప్లాస్టిక్, ఫోమ్, నైలాన్ మెత్తలన్నీ తీసేయాలి. పెట్టె మొత్తం బరువు కనీసం 300 పౌండ్లు, అంటే 136 కిలోలు ఉండేలా ఇసుక గానీ కాంక్రీటు గానీ చేర్చాలి. సీసం వాడకూడదు. బరువు కాళ్ళ వైపు పెట్టాలి, అప్పుడు పెట్టె కాళ్ళ వైపు నుంచి దిగి తిన్నగా మునుగుతుంది. మధ్యలో పెడితే అడ్డంగా తేలి ఊగుతుంది. మూత ఊడకుండా కనీసం ఐదు పట్టీలు, నిడివినా అడ్డంగానూ బిగించాలి. స్టెయిన్‌లెస్ ఉక్కు పట్టీ, గొలుసు, నార తాడు ఏదైనా పనికొస్తుంది, ప్లాస్టిక్ పట్టీలు వద్దు. ఈ పని ఫ్యూనరల్ హోమ్ వాళ్ళే చేస్తారు, కానీ వాళ్ళలో చాలామందికి ఇది మొదటిసారి అయి ఉంటుంది. రంధ్రాల సంఖ్య, బరువు మీరు స్వయంగా అడిగి తెలుసుకోండి. లోతు తక్కువైన చోట, బరువు చాలని పెట్టె లోపల పుట్టే వాయువులతో మళ్ళీ పైకి రావచ్చు, వలలకు తగలవచ్చు. ఈ నియమాలన్నీ ఆ పరిస్థితి రాకూడదనే.

అమెరికా సైన్యంలో పనిచేస్తున్నవాళ్ళు, రిటైరైనవాళ్ళు, గౌరవప్రదంగా బయటికి వచ్చినవాళ్ళు, వాళ్ళ మీద ఆధారపడ్డ కుటుంబసభ్యులు నేవీ ద్వారా సముద్ర నిమజ్జనం కోరవచ్చు. భస్మం అయినా దేహం అయినా చేస్తారు, నిమజ్జనానికి డబ్బు తీసుకోరు. రేవు దాకా చేర్చే ఖర్చు మాత్రం మనదే. యుద్ధనౌక విధి నిర్వహణకు వెళ్ళినప్పుడు జరుగుతుంది కాబట్టి ఇంటివాళ్ళు ఎక్కడానికి వీల్లేదు, తేదీ కూడా మన చేతిలో ఉండదు. తరవాత నౌక కమాండింగ్ అధికారి తేదీ, సమయం, చోటు తెలుపుతూ ఉత్తరం రాస్తారు. కళ్ళారా చూడాలి అనే ఇంటికి ఇది సరిపడదు.

ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్ళకు ఒక్క మాట. అక్కడ భస్మానికి లైసెన్సు అక్కర్లేదు. దేహానికి మాత్రం మెరైన్ మేనేజ్‌మెంట్ ఆర్గనైజేషన్ లైసెన్సు తప్పనిసరి. నిర్ణయించిన చోట్లు ఐల్ ఆఫ్ వైట్ దగ్గరి నీడిల్స్, హేస్టింగ్స్-న్యూహేవెన్ మధ్య, టైన్‌మౌత్ ఎదుట. దేహానికి ఎంబామింగ్ (పాడవకుండా రసాయనాలు ఎక్కించడం) చేయించకూడదు, పెట్టెకు 19 మిల్లీమీటర్ల రంధ్రాలు 40 నుంచి 50, అడుగున సుమారు 200 కిలోల ఇనుము గానీ కాంక్రీటు గానీ ఉండాలి. అమెరికా కొలతలు అక్కడ చెల్లవు.

కొంత భాగం ఊరికి తీసుకెళ్ళాలంటే

అంతర్వేదిలో వశిష్ఠ గోదావరి, హంసలదీవిలో కృష్ణ సముద్రంలో కలుస్తాయి. నదిలోనూ కలపాలి, సాగరంలోనూ కలపాలి అనుకునేవాళ్ళకు ఆ రెండు సంగమాలూ ఉన్నాయి. విమానంలో తీసుకెళ్ళే డబ్బా చెక్కదో అట్టదో ప్లాస్టిక్‌దో అయి ఉండాలి. లోహపు పాత్రలోకి ఎక్స్‌రే పోకపోతే భద్రతా సిబ్బంది లోపలికి పంపరు, అలాగని మూత తీసి కూడా చూడరు. మరణ ధ్రువపత్రం, దహన ధ్రువపత్రం, భారత కాన్సులేట్ ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం చేతి సంచిలోనే ఉంచుకోండి. చనిపోయినవాళ్ళ పాస్‌పోర్టును రద్దు చేయించడం కూడా కాన్సులేట్ పనిలో భాగంగానే అడుగుతారు. విమాన సంస్థకు టికెట్ తీసుకునే ముందే చెప్పండి.

ఇంటికి వచ్చాక

30 రోజుల్లోగా ఈపీఏ వెబ్‌సైట్‌లో సముద్ర నిమజ్జన నివేదిక నింపాలి. చనిపోయినవారి పేరు, భస్మమా దేహమా, తేదీ, అక్షాంశ రేఖాంశాలు, తీరం నుంచి దూరం, లోతు, పడవ పేరు, బయల్దేరిన రేవు రాయాలి. కెప్టెన్ పంపిస్తానంటే పంపినట్టు రుజువు అడిగి తీసుకోండి. పంపకపోతే మీరే పంపండి, పది నిమిషాల పని.

నిమజ్జనం చేసిన చోటి అక్షాంశ రేఖాంశాలు రాసిన పత్రం, దహన ధ్రువపత్రం, జేబులో వేసుకొచ్చిన ఆ లోహపు బిళ్ళ, మూడూ ఒకే కవరులో పెట్టండి. రెండో సంచి ఇంకా ఊరికి వెళ్ళాల్సి ఉంటే, విమానాశ్రయంలో ఎవరైనా ఇది ఎవరిది అని అడిగినప్పుడు బిళ్ళ మీది అంకె, పత్రం మీది అంకె రెండూ ఒకేచోట చూపించవచ్చు.